నారాయణగూడ ల్యాబులో ఇచ్చిన రక్తం

పోయిన వారం మనం బాలకిషన్‌ను ముందు గదిలో, కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి వచ్చాం. చిక్కడపల్లిలో ఆ సందు తెలిసినవాళ్ళకు తెలుసు, ఆ కిటికీలోంచి గాలికంటే ఆటోల రొదే ఎక్కువ వస్తుంది. బాలకిషన్ ఉద్యోగం సముద్రం మధ్యన. కాకినాడ నుంచి హెలికాప్టర్‌లో పోయి, చమురు తవ్వే రిగ్గు మీద ట్యాంకులు కడిగే పని. ఏళ్ళ తరబడి నెల అక్కడ, నెల ఇక్కడ. ఈసారి ఇంటికొచ్చాక పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. కాళ్ళ నిండా ఎర్రటి చుక్కలు. ఆసుపత్రిలో డాక్టరు ఎముక మూలుగ తీసి పరీక్షించి, అది రక్తం తయారుచేయడం దాదాపు మానేసిందన్నాడు. చేసే పనేమిటని అడిగాడు. ముడి చమురు ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి ఎత్తిపోయడం అని విన్నాక పెన్ను పక్కన పెట్టేశాడు. ఆ మడ్డిలోంచి లేచే బెంజీన్ ఆవిరి ఏళ్ళ తరబడి పీలిస్తే మూలుగ ఇలాగే ఎండిపోతుందని చెప్పాడు. తోడబుట్టినవాళ్ళ మూలుగ కలిస్తే అది ఎక్కించడమే వైద్యమన్నాడు.

చేయించిన పనికి వైద్యం కూడా కంపెనీయే చేయించాలని బాలకిషన్ భార్య నళిని పట్టుబట్టింది. అదే వీధిలో ఆఫీసున్న లాయరు సూర్యప్రకాశరావుగారు నోటీసు పంపారు. కథ అక్కడ ఆగింది. శనివారం పొద్దున ఆ నోటీసుకు జవాబు వచ్చింది.

సూర్యప్రకాశరావుగారు కార్మికుల కేసుల్లోనే జుట్టు నెరిపించుకున్న మనిషి. తండ్రి కాలంలో తణుకు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డా ఆయన మాటలో గోదావరి యాస ఎక్కడికీ పోలేదు. రెండంతస్తుల మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకుండానే సంగతి చెప్పేశారు. మీ మనిషి రక్తాన్ని ఏటేటా మేమే పరీక్ష చేయించాం, మొన్న ఫిబ్రవరిలో కూడా చేయించాం, నిక్షేపంగా ఉంది అంటోంది కంపెనీ. కాబట్టి ఈ జబ్బు మా రిగ్గు మీద పుట్టింది కాదు, ఇంటి దగ్గర సెలవుల్లో ఏం తిన్నాడో ఏం తాగాడో మమ్మల్ని అడగొద్దు అని కూడా సన్నగా అంటించింది. లాయరుగారు ఊరుకోకుండా ఆ ఫిబ్రవరి అంకెలు పట్టుకెళ్ళి డాక్టరుకు చూపించారు.

"డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడమ్మా. ఈ మూలుగున్న మనిషికి ఫిబ్రవరిలో ఆ రక్తం ఉండే వీలే లేదన్నాడు. ఇది నెలల్లో వచ్చే జబ్బు కాదట. మరి ల్యాబు అబద్ధమాడిందా, డాక్టరు పొరబడ్డాడా? అది తేలకపోతే మన కేసు ఇక్కడే ఆగిపోతుంది" అన్నారాయన.

నళినికి తేల్చుకోవడానికి నిమిషం పట్టలేదు. అబద్ధమాడింది ల్యాబే. కంపెనీ మనుషులందరికీ ఏడాదికోసారి మెడికల్ చేసే ఆ ల్యాబు నారాయణగూడలోనే ఉంది. దాని మెట్ల మీద కూర్చుని అయినా సరే నిజం రాబట్టుకొస్తానని చెప్పులేసుకుంది.

ఇక్కడ బాలకిషన్ తమ్ముడు సృజన్ గురించి చెప్పుకోవాలి. అశోక్ నగర్‌లో గ్రూప్ టూ కోచింగ్ తీసుకుంటూ, మిగిలిన పొద్దంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో గడిపే ఆ కుర్రాడు, పరీక్ష ముంచుకొస్తున్న ఆ శనివారం పొద్దున పుస్తకం ముట్టలేదు. లాయరుగారు మాట్లాడుతున్నంతసేపూ ఫ్రిజ్ తలుపు తీయడం, నీళ్ళు తాగకుండానే మూయడం. బాల్కనీలోకి పోవడం, చూడ్డానికి ఏమీ లేక తిరిగి రావడం. ల్యాబుకు తానొక్కడే పోయి కనుక్కుంటానని, వదిన ఎండలో రావొద్దని బతిమాలాడు. జూలై నెల, ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఎండెక్కడుందో నళినికి కనబడలేదు. పోయి బండి తియ్యమంది.

ల్యాబు ఫ్లైఓవర్ దగ్గరి సందులో, మందుల షాపు మీద. శనివారం కాబట్టి పరగడుపున వచ్చి చిరాకు పడుతున్న షుగరు పేషెంట్లతో బెంచీలన్నీ నిండిపోయాయి. కౌంటరు దగ్గర కూర్చున్నతను పాత సంగతులు తనకు తెలియవన్నాడు. నళిని వదలలేదు. రక్తం తీసేవాళ్ళను పిలవమంది. లోపల్నుంచి చేతి తొడుగులు విప్పుకుంటూ ఒక నడివయసు నర్సమ్మ వచ్చింది. పేరు భూదేవి. నళిని సెల్లులో భర్త ఫొటో తీసి, ఈయన బాలకిషన్, రిగ్గు మీద పనిచేస్తాడు, ఫిబ్రవరిలో ఈయన రక్తం తీసింది మీరేనా అని అడిగింది.

భూదేవి ఫొటోను దూరంగా పట్టుకుని చూసింది. ఈయనను ఎరగనంది. తరవాత నళిని వెనకాల గోడకు అతుక్కుపోయి నిలబడ్డ సృజన్‌ను చూసి ఆమె ముఖం విప్పారింది.

"బాలకిషన్ అంటే ఈ తమ్మి కదా. మూడేండ్ల సంది నేనే తీస్తున్న. ఈయన నరం మంచిగ దొరుకుతది, గందుకే యాదికున్నడు. మొన్న ఫిబ్రవరిల జర ఎక్కువ సీసాలు నింపుతే కండ్లు తిరిగినయని కూడ అన్నడు. ఏం తమ్మీ, మళ్ళ మెడికలా?"

సృజన్ ఎడమ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. నళిని సెల్లు సంచిలో వేసుకుంది. భూదేవికి వస్తానని చెప్పింది కూడా. కొట్లాడ్డానికి పోయిన మనిషి అంత మర్యాదగా బయటికి రావడం సృజన్ ఎప్పుడూ చూడలేదు.

కింద అతను బండి స్టార్ట్ చేసి నిలబడ్డాడు. నళిని ఎక్కలేదు. చిక్కడపల్లి వైపు నడవడం మొదలుపెట్టింది. అతను ఇంజను ఆపి, బండిని తోసుకుంటూ ఆమె పక్కనే వచ్చాడు. బస్సులు హారన్లు కొట్టాయి, ఆటోవాళ్ళు తిట్టారు. వదిన తిట్టినా బాగుండును, నాలుగు రోడ్ల మధ్య చెంప పగలగొట్టినా బాగుండును అనుకున్నాడు సృజన్. లైబ్రరీ గేటు దగ్గరికి వచ్చాక నళిని లోపలికి తిరిగింది. చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ చూసినా పుస్తకాలు ముందేసుకున్న నిరుద్యోగులే. ఒక మూల ఖాళీ అరుగు చూసి కూర్చుంది. అక్కడ గట్టిగా మాట్లాడితే పదిమంది తలలెత్తి చూస్తారు. అందుకే అక్కడికి తెచ్చిందని అతనికి అప్పుడు అర్థమైంది.

"మొదటిసారి ఎట్ల ఇచ్చినవో చెప్పు" అంది.

సృజన్ చెప్పాడు. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నది కదా, మొదలుపెట్టాక ఆగలేదు. మూడేళ్ళ కింద మెడికల్‌కు అన్నే పోయాడు. రక్తంలో తెల్లకణాలు తగ్గాయని తేలింది. ఆ రిపోర్టు పైకి పోకముందే కోఆర్డినేటర్ మురళీకృష్ణ ఫోన్ చేశాడు. రిగ్గు మనుషుల టికెట్లు, మెడికళ్ళు చూసేది ఆయనే. ఇది పైవాళ్ళ కంట పడితే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తారు, మళ్ళీ ఏ కంపెనీ పిలవదు, ఇంట్లో తమ్ముడున్నాడు కదా, రేపు అతన్ని పంపమన్నాడు. సముద్రం మీద ఇది కొత్త కాదట. దానికి వాళ్ళలో వాళ్ళు ఒక పేరు కూడా పెట్టుకున్నారు, ఇంటి రక్తం. ఇంట్లో ఎవరు గట్టిగా ఉంటే వాళ్ళు పోయి ఇస్తారు. అన్న రెండు రోజులు కుదరదన్నాడు. మూడోరోజు సృజన్‌ను చాయ్ తాగుదామని తీసుకుపోయి, నీది నాది ఒకటే రక్తంరా, ఎవరు ఇస్తేంది అని నవ్వాడు. అప్పుడు కోచింగ్‌లో కొత్తగా చేరి ఉన్నాడు సృజన్, ఫీజు అన్న కట్టిందే. కాదనలేకపోయాడు. తరవాత అదే అలవాటైంది.

నళిని చెట్టు వైపు చూస్తూ వింది. ఆ మూడు సాయంత్రాలూ ఆమెకు బాగా గుర్తున్నాయి. మెడికల్ పాసయ్యాడని ప్రతిసారీ మటన్ వండింది. కంచంలో మెత్తటి ముక్కలన్నీ భర్తకు వేసి, మిగిలినవాటిలో మంచివి ఏరి మరిదికి వేసింది. మొగుడు ఇంటికొచ్చినప్పుడు అతని బట్టల్లో పెట్రోలు బంకు దగ్గర వచ్చేలాంటి తియ్యటి వాసన ఉండేది. రెండుసార్లు ఉతికినా పోదు. ఆ వాసన తగిలితే మనిషి ఇంట్లో ఉన్నాడన్న ధైర్యం కలిగేది ఆమెకు. అతను లేని నెలల్లో ఒక చొక్కా ఉతక్కుండా దాచుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆ వాసన బెంజీన్‌దేనని ఇప్పుడు తెలుసు.

"మూడుసార్లు సృజన్. మూడుసార్లు మీ అన్నను ఆ ట్యాంకులకెళ్ళి బయటికి తీసేటందుకు మోక వచ్చింది. మూడుసార్లు నువ్వు చెయ్యి చాపి ఆయనను మళ్ళ అండ్లకే పంపినవ్."

"అన్న మంచికే అనుకున్న వదినా."

"అందరం మంచికే అనుకున్నం. గందుకే గిట్లయింది."

ఇప్పుడే లాయరుగారికి చెప్పమంది. సృజన్ తల వంచుకుని చెప్పుల కింద నలిగిన ఆకును కాలితో ఇంకా నలిపాడు. దొంగ మెడికల్ అని పోలీసు కేసైతే గవర్నమెంటు నౌకరీ ఆశ వదులుకోవాల్సిందే. ఆ భయం అతను మాటల్లో పెట్టకపోయినా నళినికి తెలుసు. అతని పరీక్ష కోసం ఆ ఇంట్లో టీవీ చప్పుడు తగ్గించి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలుసు. జాలి కలిగింది. జాలి కలిగినందుకు కోపం కూడా వచ్చింది.

"నువ్వు చెప్పకుంటే కంపెనీ మాటే నిజమైతది. జబ్బు మనింట్ల పుట్టిందంటరు. సోమవారం నీ మూలుగ మీ అన్నకు కలుస్తదో లేదో చూసేటందుకు రక్తం ఇయ్యాలె. అది కలిసినా వైద్యం చేయించేటందుకు మన తాన ఏముంది?"

ఎదుటి మెట్ల మీద ఎవరో అమ్మాయి నోట్సు పైకి వల్లె వేసుకుంటోంది. సృజన్ అది పూర్తయ్యేదాకా విన్నట్టే కూర్చుని, తరవాత లేచి బండి తాళం చేతికి తీసుకున్నాడు. పా వదినా, చెప్త అన్నాడు.

సూర్యప్రకాశరావుగారు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిట్టలేదు. నలభై ఏళ్ళ ప్లీడరీలో మనుషులు భయంతో ఏమేం చేస్తారో చూసి చూసి ఆయనకు ఆశ్చర్యం పోయింది. కానీ మొహమాటం లేకుండా ఒక మాట చెప్పారు. కుర్రాడు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. కంపెనీ వెంటనే మేము మోసపోయామంటుంది, అన్నదమ్ములిద్దరి మీదా ఎదురు కేసు పెడుతుంది. రక్తం మార్చమన్నది కంపెనీ మనిషేనని, మొదటిసారే జబ్బు జాడ వాళ్ళకు తెలుసని చెప్పే నోరు ఒకటి కావాలి. మురళీకృష్ణ చెబుతాడా అని అడిగారు. ఉద్యోగం పోగొట్టుకుని అతనెందుకు చెబుతాడని మళ్ళీ ఆయనే అన్నారు. అయినా ఏమైనా ఆశ కనబడితే ఒక ఫోన్ కొట్టమని, ఏ పనిలో ఉన్నా వచ్చేస్తానని పంపించారు.

ఇల్లు చేరేసరికి గుమ్మం దగ్గర కొత్త బూట్లు ఉన్నాయి. లోపల బాలకిషన్ నవ్వుతున్నాడు. చాలా రోజుల తరవాత ఆ నవ్వు విని నళిని గడపలోనే ఆగింది. మంచం పక్క కుర్చీలో బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టుకుని మురళీకృష్ణ కూర్చుని ఉన్నాడు.

కాకినాడ మనిషి. ఒకప్పుడు బాలకిషన్‌తోపాటు అవే ట్యాంకుల్లోకి దిగినవాడు. చదువుకున్నాడని, నోరు మంచిదని కంపెనీ అతన్ని కోఆర్డినేటర్‌ను చేసింది. అయినా మనిషి తక్కువైనప్పుడు ఇప్పటికీ ట్యాంకుల్లోకి దింపుతారు. రిగ్గు మీది కబుర్లు చెబుతున్నాడు, వంటవాడు మారాడని, ఎండుచేప కూర తినలేకపోతున్నామని. మాస్కులకు బిగించే, గాలి వడకట్టే డబ్బాలు కొత్తవి వచ్చాయా అని బాలకిషన్ అడిగాడు. వాసన లోపలికి వచ్చేదాకా పాతవాటినే వాడమనేవాళ్ళు, ట్యాంకులో కాసేపుంటే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలిసేది కాదు. వస్తాయంటున్నారన్నాడు మురళీకృష్ణ. నళిని పెట్టిన చాయ్ సగం తాగి వదిలేశాడు. ఆమె ముఖంలోకి ఒక్కసారీ చూడలేదు. జేబులోంచి సెల్లు తీస్తాడు, పెడతాడు. చివరికి లేచి, ఇలా ఒకసారి రా అని సృజన్‌ను బయటికి పిలిచాడు.

గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోతున్న నళిని గుమ్మం తలుపు వెనకాల ఆగిపోయింది.

మెట్ల మీద కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాక మురళీకృష్ణ రెండో కాలి ప్యాంటు పైకి మడిచాడు. పిక్క మీద ఎర్రటి చుక్కలు. గోరు గుచ్చినంతవి, అక్కడక్కడా గుంపులుగా.

"సోమవారం నా మెడికల్ సృజన్. నాకు తమ్ముళ్ళు లేరు. ఉన్నది కూతురొక్కతే, అదింకా చదువుకుంటోంది. నీ గ్రూపే నాదీ. ఈ ఒక్కసారికి..."

సృజన్ గొంతు నళినికి కొత్తగా వినిపించింది.

"సోమవారం అన్న కోసం ఇస్తున్న. నా పేరు మీద."

"పొద్దున ఆసుపత్రిలో ఇచ్చి, తరవాత ల్యాబుకు రా బాబూ. రెండు సీసాలే కదా. వాటి మీద పేరు సంగతి నేను చూసుకుంటాను."

నళిని తలుపు తీసింది. ఈ మనిషి ఎదురుపడితే ఏమేం అడగాలో దారి పొడుగునా మనసులో కట్టుకుంటూ వచ్చింది. అవన్నీ ఆ పిక్క చూడగానే ఎటో పోయాయి. అవే చుక్కలకు, వేడి చేసిందనుకుని, పోయిన నెల తన మొగుడి కాళ్ళకు కొబ్బరినూనె రాసింది.

"ఆ బూటు ఇడువుండి అన్నా. లోపలికి రండి. లాయరు సాబును పిలుస్త" అని సెల్లులో నంబరు నొక్కింది.

మురళీకృష్ణ లేవబోయి, లేవలేక గోడ పట్టుకున్నాడు. అటువైపు సూర్యప్రకాశరావుగారు ఎత్తారు. వచ్చేస్తున్నానమ్మా అన్నారు, ఏమిటని కూడా అడగలేదు.

"లాయరుగారి ముందు నేను నోరు విప్పితే నా ఉద్యోగం ఒక్కటే పోదు చెల్లెమ్మా" అన్నాడు మురళీకృష్ణ. "సముద్రం మీదున్న మావాళ్ళందరి రక్తం మళ్ళీ తీస్తారు. ఎన్ని ఇళ్ళు కూలిపోతాయో నీకు తెలీదు."

"తియ్యాలె. తియ్యకనే కదా నా ఇల్లు గిట్లయింది."

లోపల్నుంచి మంచం కిర్రుమంది. బాలకిషన్ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. ఎంతవరకు విన్నాడో తెలియదు. తన తమ్ముణ్ణి, తన భార్యను, ఒక కాలికి బూటుతో కూర్చున్న పాత స్నేహితుణ్ణి వరసగా చూసి, నెమ్మదిగా అడిగాడు.

"నా జాగల ట్యాంకులకు ఎవర్ని దింపుతున్నరు మురళన్నా?"

మురళీకృష్ణ రెండో బూటు చేతిలోకి తీసుకున్నాడు. తిమ్మప్పను అన్నాడు. తిమ్మప్పకు ఇంటి దగ్గర ముసలి తల్లి తప్ప ఎవరూ లేరని బాలకిషన్‌కు తెలుసు. ఇంటి రక్తం ఇచ్చే దిక్కు లేని మనిషి. పోయినసారి చిగుళ్ళు వాచి అన్నం నమలలేకపోయినవాడు. వాడు మెడికల్ ఎట్ల పాసైండు అని అడిగాడు.

"ఫిబ్రవరిలో మీ తమ్ముడు ఇచ్చిన రక్తం" అన్నాడు మురళీకృష్ణ, "నీ ఒక్కడి పేరునే పోలేదు బాలకిషన్."

సృజన్ ఎడమ చేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. భూదేవి నింపిన సీసాలు, కళ్ళు తిరిగి బెంచీ మీద కూర్చోవడం, మురళీకృష్ణే స్వయంగా తెచ్చిచ్చిన గ్లూకోజు నీళ్ళు గుర్తొచ్చాయి. ఆ రోజు ఆయన ఎంత మంచివాడో అనుకున్నాడు.

"ఎంతమంది పేరున?" అంది నళిని.

కింద వీధి తలుపు తెరుచుకుంది. సూర్యప్రకాశరావుగారు ఆయాసపడుతూ మెట్లెక్కడం వినబడుతోంది. మురళీకృష్ణ తల ఎత్తకుండా, ఒక్కొక్క పేరే చెప్పడం మొదలుపెట్టాడు.